‘ఏమీ జరగలేదు’ అన్న ప్రేక్షకుడు అసలు చెబుతున్నదేమిటి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పదేళ్ల కాపురంలో మెల్లమెల్లగా మనసు విరిగిపోయే ఒక జంట కథతో మీరు సినిమా తీశారు. అరుపులు లేవు, చావులు లేవు, మూడో మనిషి లేడు. ఎడిట్ 118 నిమిషాలకి వచ్చింది. 16 మందికి చూపిస్తే అయిదుగురు బాగా కదిలిపోయారు. మిగతావాళ్లు ‘నటన బాగుంది, కానీ ఏమీ జరగలేదు, సెకండాఫ్ ల్యాగ్’ అన్నారు. సెకండాఫ్‌లో ఓ 12 నిమిషాలు కోసేసి, బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ పెంచితే గట్టెక్కుతామా అని మీ సందేహం.

ఆ రెండు పనులూ ఇప్పుడే చెయ్యకండి. మంద్రంగా నడిచే ప్రేమకథల్లో ల్యాగ్ ఎక్కడ తెలుస్తుందో రోగం అక్కడ ఉండటం అరుదు. 80వ నిమిషంలో ప్రేక్షకుడు కుర్చీలో అటూ ఇటూ కదిలాడంటే, 20వ నిమిషంలో అతనికి అందాల్సింది ఏదో అందలేదని అర్థం. ఈ జంట దగ్గర పోగొట్టుకోవడానికి ఏముందో చూపించకుండా, పోగొట్టుకోవడాన్ని గంటసేపు చూడమంటే ఎవరికైనా విసుగే.

‘ఏమీ జరగలేదు’ అనేది ఒక్క ఫిర్యాదులా వినిపిస్తుంది గానీ అందులో మూడు ఉంటాయి. వీళ్లకి ఒకరంటే ఒకరికి ఎందుకిష్టమో తెలియలేదు అనేది ఒకటి. ఆ ఇష్టం ఎప్పుడు పోయిందో కనపడలేదు అనేది రెండోది. నేను వేరే రకం సినిమా అనుకుని వచ్చాను అనేది మూడోది. మొదటిదానికి మందు స్క్రిప్టులోనో రష్‌లోనో (ఎడిట్ చేయని అసలు ఫుటేజ్‌లోనో) ఉంటుంది. రెండోదానికి ఎడిట్ టేబుల్ మీద దొరుకుతుంది. మూడోదానికి సినిమాని ముట్టుకోనక్కర్లేదు, పోస్టర్, ట్రైలర్ మార్చుకోవాలి. మీ 11 మందిలో ఎవరిది ఏ ఫిర్యాదో తెలియకుండా కత్తెర పట్టుకుంటే, బాగున్న చోటే తెగుతుంది.

తెలుసుకోవడం కష్టమేం కాదు. వచ్చేసారి చూపించినప్పుడు లైట్లు వెయ్యగానే చర్చ మొదలుపెట్టకండి. చర్చలో మొదట గట్టిగా మాట్లాడినవాళ్ల అభిప్రాయమే అందరిదీ అయిపోతుంది. తలా ఒక కాగితం ఇచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే నాలుగు ప్రశ్నలకి జవాబు రాయించండి. ఈ ఇద్దరూ ఒకరిలో ఒకరు ఏం చూసి దగ్గరయ్యారు? ఇక వీళ్లు కలిసి ఉండలేరని మీకు ఏ సీన్‌లో అనిపించింది? సినిమా మొదలవక ముందు ఎలాంటి సినిమా అనుకున్నారు? నచ్చిందా? ‘నచ్చిందా’ అన్నది చివర్లోనే ఉండాలి. ముందే అడిగితే మిగతా జవాబులన్నీ దాన్ని సమర్థించుకోవడానికి రాస్తారు. ఇంకో పని, వాళ్ల అనుమతి తీసుకుని ప్రేక్షకుల వైపు ఒక కెమెరా పెట్టి, తర్వాత సినిమా టైమ్‌కోడ్‌తో (ఏ క్షణంలో ఏ షాట్ ఉందో చూపే అంకెలతో) కలిపి చూడండి. దగ్గులు, ఫోన్ వెలుగు, కుర్చీలో కదలడం, ఇవి ఎక్కడ గుంపుగా వస్తున్నాయో రాసుకోండి. కాగితం మీద మొహమాటపడేవాళ్లు కూడా దగ్గు దగ్గర మొహమాటపడరు.

మొదటి ప్రశ్నకి ఎక్కువమంది ‘ప్రేమించుకున్నారు కదా’, ‘మంచి జంట’ అని రాశారంటే మీ మొదటి 25 నిమిషాల్లో లోపం ఉంది. ‘ఆమె చెప్పిన ప్రతి చిన్న విషయం అతను గుర్తుపెట్టుకుంటాడు’ లాంటి నిర్దిష్టమైన జవాబు పదిమందికి పైగా రాయాలి. రెండో ప్రశ్నకి అందరూ చివరి గొడవ సీన్ పేరే రాస్తే, మనసు విరగడం వాళ్లకి కనపడలేదు, పాత్రలు నోరు తెరిచి చెప్పాకే తెలిసిందన్నమాట. జవాబులు సినిమా అంతటా చెల్లాచెదురుగా ఉంటే అసలు మలుపే లేదు. గొడవకి ముందున్న రెండు మూడు సీన్ల చుట్టూ పోగుపడితే మీ ఎడిట్ ఆరోగ్యంగా ఉన్నట్టు.

ఇక అసలు విషయం. భ్రమ తొలగడం గురించి సినిమా తీస్తున్నామంటే ముందు ఆ భ్రమ ఏమిటో ఒక వాక్యంలో రాసుకోవాలి. ‘ప్రేమ’ అని రాస్తే పనికిరాదు. ‘నేను మాట్లాడకపోయినా ఇతనికి నా మనసు తెలుస్తుంది’ అని ఆమె నమ్మకం. ‘నేనెలా ఉన్నా ఈమె నన్ను తక్కువగా చూడదు’ అని అతని నమ్మకం. సినిమా విరగ్గొట్టాల్సింది సరిగ్గా ఆ నమ్మకాన్నే. చాలా స్క్రిప్టుల్లో జరిగే పొరపాటు ఏమిటంటే, మొదట్లో చూపించే ప్రేమ ఒకటి, చివర్లో విరిగేది ఇంకొకటి. మొదట్లో వానలో నవ్వుకుంటూ తిరుగుతారు, చివర్లో డబ్బు దగ్గర, ఉద్యోగం దగ్గర గొడవపడతారు. రెండింటికీ లంకె లేదు. అందుకే గొడవ ఎంత బాగా నటించినా చప్పగా ఉంటుంది. పైగా, ఆ నమ్మకం మొదటి 25 నిమిషాల్లో ప్రేక్షకుడికి కూడా కలగాలి. పాత్రకి ఉందని తెలిస్తే చాలదు.

సత్యజిత్ రే ‘చారులత’ (1964) మొదటి ఏడు నిమిషాలు ఇందుకు గట్టి పాఠం. దాదాపు మాటలే లేవు. ఆమె కిటికీల దగ్గర బైనాక్యులర్ లాంటి చేతి అద్దంతో వీధిలో పోయేవాళ్లని చూస్తుంటుంది. భర్త పుస్తకంలో తల దూర్చి ఆమె పక్కనుంచే నడిచి వెళ్లిపోతాడు, ఆమె ఉన్నట్టే గమనించడు. ఆమె అదే అద్దం ఎత్తి, వెళ్లిపోతున్న భర్తని కూడా వీధిలో మనిషిని చూసినట్టే చూస్తుంది. ఒక్క డైలాగ్ లేకుండా వాళ్ల కాపురం మొత్తం అక్కడ అర్థమైపోతుంది. అతను చెడ్డవాడని మాత్రం ఎక్కడా అనిపించదు. అది చాలా ముఖ్యం, దాని సంగతి మళ్లీ చెబుతాను.

మీ కథలాంటిదానికి ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 9వ నిమిషంలో ఇద్దరూ ఆరిన దుప్పటి మడతపెడుతున్నారు అనుకోండి. చెరో రెండు కొసలు పట్టుకుంటారు. సగానికి మడిచి, ఒక్కసారి దులిపి, ఎదురెదురుగా నడిచి వస్తారు. ఆమె తన కొసలు అతని చేతుల్లో పెట్టి, కింద వేలాడే మడతని అందుకుని మళ్లీ వెనక్కి వెళుతుంది. మాట్లాడుకునేది వేరే ఏదో, కరెంటు బిల్లు గురించో, ఎవరి పెళ్లి గురించో. చేతులు వాటంతటవే పని చేసుకుపోతాయి. ఒకే షాట్, 30 సెకన్లకి తగ్గకూడదు. 64వ నిమిషంలో అదే దుప్పటి, అదే గది. ఆమె నడిచి వచ్చేలోపు అతను తన కొసలు మంచం మీద పెట్టేసి ఫోన్ తీసుకుంటాడు. ఆమె నాలుగు సెకన్లు ఆగుతుంది. తర్వాత మధ్యమడతని గడ్డం కింద నొక్కిపెట్టి ఒక్కతే మడుస్తుంది. 101వ నిమిషంలో అతను ఒక్కడే ఉంటాడు. మడత కుదరదు, ఉండచుట్టి అల్మరాలో కుక్కేస్తాడు.

ఇది పనిచేయడానికి కారణం, అది ఇద్దరు చేసే పని. ఒకరు తప్పుకుంటే మాట అవసరం లేకుండా లోటు కంటికి కనిపిస్తుంది. చెడిపోవడానికి కూడా అవకాశాలు చాలా ఉన్నాయి. మొదటిసారి అయిదారు సెకన్లే చూపిస్తే రెండోసారికి ఎవరికీ గుర్తుండదు. మూడుసార్లూ కెమెరా ఎత్తు, దూరం, లెన్స్ ఒకటే ఉండాలి. కోణం మారితే కన్ను పాత షాట్‌తో పోల్చుకోలేదు. మంచం మీద పడిన కొసలకి క్లోజప్ వేసి వయొలిన్ ఎత్తుకున్నారంటే అంతా పాడైపోతుంది. ప్రేక్షకుడు సొంతంగా పట్టుకోబోతున్నదాన్ని మీరే లాక్కుని చేతిలో పెట్టినట్టు ఉంటుంది. ఇలా ఒకదాన్ని ఒకటి గుర్తుచేసే సీన్ల జత మీ రష్‌లో ఇప్పటికే దొరకొచ్చు, ముందు అక్కడ వెతకండి. లేకపోతే ఇద్దరు నటులు, ఒక గది, ఒక్క రోజు ప్యాచ్ వర్క్‌తో (మిగిలిన ముక్కల కోసం చేసే చిన్న షూటింగ్‌తో) అయిపోతుంది. నటుల జుట్టు, గడ్డం, బరువు పాత ఫుటేజ్‌తో కలుస్తున్నాయో లేదో డేట్లు అడిగేముందే ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

కాలం ముందుకీ వెనక్కీ వెళ్లే కథైతే ఇంకో దారుంది. ‘బ్లూ వాలెంటైన్’ (2010)లో గతాన్ని సూపర్ 16 ఫిల్మ్ మీద, చేత్తో పట్టుకున్న కెమెరాతో తీశారు. వర్తమానాన్ని రెడ్ అనే కంపెనీ డిజిటల్ కెమెరాతో తీశారు. రెండు భాగాల షూటింగ్‌కీ మధ్య విరామం ఇచ్చి, భార్యాభర్తలుగా వేసిన ఇద్దరు నటులూ, కూతురుగా వేసిన పాపా ఒక ఇంట్లో కుటుంబంలా రోజులు గడిపేలా చేశారు. అందుకే గతంలో ఉన్న తేలికదనం, వర్తమానంలో ఉన్న బరువు బొమ్మలోనే తెలిసిపోతాయి. ‘ఆరేళ్ల క్రితం’ లాంటి కార్డులతో పనుండదు.

ఇప్పుడు రెండో ఫిర్యాదు, మార్పు కనపడకపోవడం. ప్రతి సీన్‌కీ ఒక కార్డు రాయండి. పైన, సీన్ మొదట్లో ఎవరికి ఏం తెలుసు. కింద, సీన్ చివర్లో ఎవరికి కొత్తగా ఏం తెలిసింది. పైనా కిందా ఒకటే ఉన్న కార్డులు పక్కన పెట్టండి. ఈ రకం సినిమాల్లో అలాంటివి పది పన్నెండు తేలతాయి, ఎడమొహం పెడమొహంగా కూర్చునే సీన్లు, కిటికీలోంచి బయటికి చూసే సీన్లు. వాటిలో మనసుకి బాగా పట్టిన రెండు ఉంచుకోండి. మిగతావి షాట్లు ట్రిమ్ చేసి బతికించాలని చూడకండి, సీన్ మొత్తం ఎత్తేయండి. మీరనుకున్న 12 నిమిషాలు ఇక్కడే దొరుకుతాయి. అవన్నీ సెకండాఫ్‌లోనే ఉండవన్నది చూడగానే తెలుస్తుంది.

‘45 ఇయర్స్’ (2015) నిడివి 95 నిమిషాలే. కథ సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులు. 45వ పెళ్లిరోజు వేడుకకి వారం ముందు భర్తకి ఒక ఉత్తరం వస్తుంది. పెళ్లికి ముందు అతను ప్రేమించిన, కొండల్లో చనిపోయిన అమ్మాయి శవం మంచులో కనపడిందని. ఆ తర్వాత అరుపులేమీ ఉండవు. కానీ రోజుకొక కొత్త సంగతి భార్యకి తెలుస్తూ ఉంటుంది. అటక మీద ఆమె ఒంటరిగా పాత స్లయిడ్లు వేసి చూసే చోట, ఆ బొమ్మా ఆమె ముఖమూ ఒకే ఫ్రేమ్‌లో ఉంటాయి. ఏం చూసిందో మనకీ అప్పుడే తెలుస్తుంది. సినిమా మొదట్లో టైటిళ్ల మీద ఆ ప్రొజెక్టర్ టకటక చప్పుడు మాత్రమే వినిపించి ఉంటుంది, అప్పటికి అదేమిటో మనకి తెలియదు. బెర్లిన్ చిత్రోత్సవంలో ఆ ఏడాది ఇద్దరు ప్రధాన నటులకీ వెండి ఎలుగుబంటి (సిల్వర్ బేర్) అవార్డులు వచ్చాయి. నిదానంగా ఉన్నా ఏమీ జరగలేదని ఆ సినిమా గురించి అనిపించకపోవడానికి కారణం కార్డుల లెక్కే. దాదాపు ప్రతి సీన్ చివర ఆమెకి ముందు తెలియనిది ఒకటి తెలిసి ఉంటుంది.

ట్రిమ్మింగ్ గురించి ఒక హెచ్చరిక. ‘ల్యాగ్’ అన్న మాట వినగానే ఎడిటర్లు ప్రతి షాట్ చివరా ఎనిమిది పది ఫ్రేములు తీసేస్తారు. నిడివి 118 నుంచి 112కి వస్తుంది, సినిమా మాత్రం ఇంకా పొడుగ్గా అనిపిస్తుంది. ఎందుకంటే షాట్లన్నీ ఒకే కొలతకి వచ్చేసి, ఎక్కడ ఆగి చూడాలో కంటికి తెలియదు. ఇలాంటి సినిమాలో సీన్ తలని నిర్దయగా కోయవచ్చు. తలుపు తీయడం, లోపలికి రావడం, కూర్చోవడం, పలకరింపులు అన్నీ పోనివ్వండి. తోక దగ్గర మాత్రం ఆగండి. ఆఖరి మాట అయ్యాక విన్నవాళ్ల ముఖం మీద రెండు మూడు సెకన్లు, అంటే 48 నుంచి 72 ఫ్రేములు ఉండాలి. మాట్లాడేవాళ్ల మీదకన్నా వినేవాళ్ల మీదే ఈ కథలు నడుస్తాయి. మీ గొడవ సీన్‌లో ఎవరు మాట్లాడితే వాళ్ల మీదికే కట్ అవుతోందేమో ఒకసారి చూసుకోండి. అలా ఉంటే సగం కట్లు తీసేసి, మాటని రెండోవాళ్ల ముఖం మీద వినిపించి చూడండి. కొత్తగా ఒక్క షాట్ తీయకుండానే సీన్ మారిపోతుంది.

గొడవ సీన్‌లో మాటలు కూడా. ‘నువ్వు మారిపోయావు’, ‘మన మధ్య దూరం పెరిగింది’, ‘ఒకప్పుడు ఎలా ఉండేవాళ్లం’ అనే మూడు వాక్యాలూ ఏ రూపంలో ఉన్నా మ్యూట్ చేసి చూడండి. నిజంగా మనసు విరిగినవాళ్లు తాళం ఎక్కడ పెట్టావు దగ్గరా, ఛార్జర్ ఎవరు తీశారు దగ్గరా పొడిపొడిగా దెప్పుకుంటారు, అసలు మాట గొంతు దాటనివ్వరు. అది దాటే చోటు సినిమా మొత్తంలో ఒక్కసారే ఉంటే దానికి బరువు ఉంటుంది.

పైన ‘చారులత’ దగ్గర ఆపిన సంగతి: ఇద్దరి తరఫునా న్యాయం ఉండాలి. దీనికి మొరటు లెక్క ఒకటి పనికొస్తుంది. ఆమె ఒంటరిగా తెరమీద ఎన్ని నిమిషాలు, అతను ఎన్ని నిమిషాలు? ఆమెకి 22, అతనికి 6 ఉంటే, ప్రేక్షకుడు దాన్ని ఒక కేసులా చూస్తాడు. ఆమె ఫిర్యాది, అతను ముద్దాయి. కేసు తీర్పు 40వ నిమిషంలోనే తెలిసిపోతుంది, ఆ తర్వాత చూడ్డానికి ఏమీ మిగలదు. బయటికి వచ్చే టాక్ కూడా ‘తప్పెవరిది’ అనే వాదన దగ్గరే ఆగిపోతుంది. అతనికి ఒంటరిగా మరో రెండు సీన్లు, ఆమెకి తెలియనివి, మనకి మాత్రమే తెలిసేవి ఉంటే ఆ సమస్య చాలావరకు తీరుతుంది.

మ్యూజిక్ పెంచడం గురించి. చప్పగా ఉన్న సీన్ కింద స్కోర్ వేస్తే అది చప్పగా ఉన్న సీన్ ప్లస్ స్కోర్. ముందు సౌండ్ సరిచేయండి. ఇద్దరూ మాట్లాడుకోని గదికి తనదైన చప్పుడు ఉండాలి, ఫ్యాను, ఫ్రిజ్, పక్కింటి టీవీ. ప్రతి లొకేషన్‌లోనూ కనీసం ఒక నిమిషం రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో వినిపించే చప్పుడు) రికార్డ్ చేసి ఉంటే అదే వాడండి. లేకపోతే మౌనం అనుకున్న చోట సౌండ్ పోయినట్టు వినిపిస్తుంది, మీకు ల్యాగ్ అన్న కొన్ని చోట్ల నిజంగా జరిగింది ఇదే కావచ్చు. ఇంకో లోతైన గొయ్యి: థియేటర్ మిక్స్ 85 డెసిబెల్ రిఫరెన్స్ మీద, అంటే పెద్ద హాలు స్పీకర్ల స్థాయికి, చేస్తారు. అదే ఫైల్ ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో పెడితే గుసగుసలు మాయమైపోతాయి. అరిచే సినిమాలు ఈ దెబ్బని తట్టుకుంటాయి, మీది తట్టుకోదు. ఓటీటీకి విడిగా నియర్‌ఫీల్డ్ మిక్స్ (దగ్గరగా ఉండే చిన్న స్పీకర్లకి తగ్గ మిక్స్) చేయించండి. నెట్‌ఫ్లిక్స్ అడిగేది డైలాగ్ ఆధారంగా కొలిచిన మైనస్ 27 ఎల్‌కేఎఫ్‌ఎస్ (సౌండ్ ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత), రెండు యూనిట్లు అటూ ఇటూ. మీ 16 మందికి చూపించింది ల్యాప్‌టాప్ స్పీకర్ల మీదైతే ఆ ఫలితాలని సగమే నమ్మండి.

ఆదరణ సంగతికి వస్తే, ఈ రకం సినిమాకి మిశ్రమ స్పందన కొత్తేమీ కాదు. ఇటాలియన్ దర్శకుడు అంతోనియోని తీసిన ‘లావెంతూరా’ని 1960లో కాన్స్ చిత్రోత్సవంలో వేసినప్పుడు హాల్లో గేలిచేశారు. దర్శకుడూ, నాయిక మోనికా విట్టీ మధ్యలోనే బయటికి వెళ్లిపోయారు. మర్నాడే కొందరు దర్శకులూ విమర్శకులూ సంతకాలు చేసి ఆ సినిమాకి మద్దతుగా ప్రకటన ఇచ్చారు. అదే ఉత్సవంలో దానికి జ్యూరీ బహుమతి వచ్చింది. రెండేళ్లకి బ్రిటిష్ సినిమా పత్రిక సైట్ అండ్ సౌండ్ విమర్శకుల మధ్య పెట్టిన అత్యుత్తమ సినిమాల పోల్‌లో రెండో స్థానంలో నిలబడింది. గేలి ఎందుకొచ్చిందో చూస్తే మీకు పనికొస్తుంది. మొదటి అరగంటలో ఒక అమ్మాయి తప్పిపోతుంది, హాలంతా ఆమె ఆచూకీ కోసం ఎదురుచూస్తుంది. సినిమా ఆమెని వదిలేసి, వెతికేవాళ్లిద్దరి మధ్య ప్రేమ, అది పుచ్చిపోవడం మీదికి వెళ్లిపోతుంది. ఇచ్చిన మాట ఒకటి, చెల్లించింది ఇంకొకటి అని హాలుకి అనిపించింది.

ఇచ్చిన మాటకీ చెల్లించినదానికీ మధ్య ఆ తేడా అంకెల్లోనూ కనిపిస్తుంది. రివ్యూలని పోగుచేసే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్ ఇచ్చే శాతం సినిమా ఎంత బాగుందో చెప్పదు, విమర్శకుల్లో ఎంతమంది మొత్తం మీద పరవాలేదన్నారో చెబుతుంది. అందరూ పదికి ఆరున్నర వేసినా 100 శాతం రావచ్చు. సినిమాస్కోర్ అనే అమెరికా సర్వే సంస్థ మొదటి రోజు థియేటర్‌కి వచ్చినవాళ్లని అడిగి ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తుంది. మొదటి రోజు వచ్చేవాళ్లు ట్రైలర్ చూసి వచ్చినవాళ్లు, కాబట్టి ఆ గ్రేడ్ చాలావరకు ట్రైలర్ ఇచ్చిన మాటకి వచ్చే మార్కు. 2002లో వచ్చిన ‘సొలారిస్’ చనిపోయిన భార్య జ్ఞాపకంతో కుస్తీ పట్టే నిదానమైన సినిమా, పెద్ద స్టార్ ఉన్నాడు, అంతరిక్షం ఉంది. దానికి ఎఫ్ వచ్చింది.

కాబట్టి మీ సినిమాలో ఉన్న ఒకే ఒక్క పెద్ద గొడవ ముక్కని ట్రైలర్‌లో పెట్టకండి. అది చూసినవాళ్లు అలాంటివి ఇంకో పది ఉంటాయని వస్తారు. ట్రైలర్ ఒకటిన్నర నిమిషం లోపు ఉంచి, అందులో కనీసం ఒక షాట్‌ని 10 సెకన్లు కదలకుండా వదిలేయండి. అది చూసి పారిపోయేవాళ్లు సినిమాకి వచ్చినా సంతోషపడరు. పోస్టర్ మీద ఇద్దరూ నవ్వుకుంటున్న స్టిల్ వేస్తే రొమాంటిక్ కామెడీ అనుకుంటారు. తక్కువ హాళ్లలో మొదలుపెట్టి టాక్ ఆధారంగా పెంచుకోవడమే మీకు మంచిది, ఇలాంటి సినిమా గురించి చూసినవాళ్లు మాట్లాడటం మొదలుపెట్టేది మూడో నాలుగో రోజుకి.

పని వరస ఇలా పెట్టుకోండి. కార్డులు, సీన్లు ఎత్తేయడం, అవసరమైతే దుప్పటి లాంటి ఒక జత కోసం ప్యాచ్ వర్క్, గొడవలో కట్లు, రూమ్ టోన్. స్కోర్ ఆఖర్న. తర్వాత 15 మంది కొత్తవాళ్లకి సరైన స్పీకర్ల మీద చూపించండి, పాత 16 మందిలో ఎవరినీ పిలవద్దు. అయితే వాళ్లలో కదిలిపోయిన అయిదుగురికీ ఈలోపే విడివిడిగా ఫోన్ చేసి, ఏ సీన్ దగ్గర గొంతు పట్టేసిందో అడగండి. వాళ్లు చెప్పిన సీన్లు కాగితం మీద రాసి ఎడిటర్ ముందు గోడకి అంటించండి. వాటి మీద కత్తెర పడకూడదు, వాటికి దారితీసే ముందు సీన్ మీద కూడా.